షేరు ధరకు ఎంత తెలియును?

పోయిన వేసవి సెలవులకు కొద్దిరోజుల ముందు, మన కళాశాల గ్రంథాలయములో ముప్పదేండ్లకు పైగా అటెండరుగా పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దమనిషి ఒకరు మా గదికి వచ్చినారు. ఆయన అసలు పేరు ఎందరికి తెలియునో చెప్పలేము. విద్యార్థులకు, అధ్యాపకులకు, చివరకు కమిటీ పెద్దలకు గూడ ఆయన 'చాచా'యే. చేతిలో బ్యాంకు పాసుపుస్తకము, జేబులో ఫోను. ఆ ఫోనులో ఒక వాట్సాప్ గ్రూపు. అందులో ఎవరో ముక్కు మొగము తెలియని వ్యక్తి ప్రతిదినము ఉదయము తొమ్మిది గంటలకు ఏ షేరు కొనవలసినదో వ్రాయుచున్నాడట. ఐదు దినములుగా అతడు చెప్పినవన్నియు చెప్పినట్లే జరిగినవట.

"సార్, గ్రాట్యుటీ డబ్బు పన్నెండు లక్షలు బ్యాంకులో పడుంది. వడ్డీ తినడానికి మనసొప్పదు. రెండేళ్ళలో చిన్నదాని పెళ్ళి చేయాల. దీంట్లో పెట్టమంటారా?" అని అడిగినారు.

పెట్టవద్దని చెప్పుటకు ఒక నిమిషము చాలును. ఎందుకు పెట్టరాదో చెప్పుటకు మాత్రము మాకు మూడు సాయంత్రములు పట్టినవి. ఆ మూడు సాయంత్రములలో మేము చెప్పినది, చాచా ఎదురడిగినది కలిపి ఇక్కడ వ్రాయుచున్నాము. మన విద్యార్థులలో గూడ కొందరు తరగతి గదిలోనే బల్లక్రింద ఫోను పెట్టుకొని షేర్లు కొని అమ్ముచున్నారని మాకు తెలియును గనుక, ఇది వారికిని పనికివచ్చును.

తిరుమల కొండకు వెళ్ళివచ్చిన మన విద్యార్థులు చెప్పగా పలుమార్లు విన్న సంగతితో మొదలుపెట్టినాము. లడ్డూలిచ్చు చోట కౌంటర్లు అనేకము, వాటిముందు వరుసలు అనేకము. ఏ వరుసలో నిలబడిన త్వరగా లడ్డూ చేతికందును? కొత్తగా వచ్చిన యువకుడు మెడచాచి అన్నింటిని చూచి పొట్టివరుసను వెదకును. కాని వెదకువాడు అతడొక్కడే కాదు గదా! ఏ వరుస కొంచెము పొట్టిదైనను, ప్రక్కవరుసల చివరనున్న పదిమంది అందులోనికి మారుదురు. నిమిషము తిరుగకముందే అదియు తక్కినవాటితో సమానమగును. కావున కాళ్ళనొప్పులతో వచ్చిన అవ్వ ఏమియు చూడక దగ్గరనున్న వరుసలో నిలబడినను, ఆ యువకునితో ఇంచుమించు సమానముగనే ఆమెకు లడ్డూ అందును. యువకుని వెదకులాట వలన లాభపడినది అవ్వయే. అతనికి మిగిలినది మెడనొప్పి.

షేరు మార్కెట్టు 'సమర్థమైనది' అని అర్థశాస్త్రవేత్తలు అనునప్పుడు వారి భావము ఇదియే. మార్కెట్టు న్యాయమైనదనియో, మంచిదనియో దాని అర్థము కాదు. ఒక కంపెనీని గురించి లోకమునకు తెలిసిన సమాచారమంతయు వెనువెంటనే ఆ షేరు ధరలో ఇమిడిపోవుననియు, కావున ఆ తెలిసిన సమాచారమును పట్టుకొని ఇతరులకంటె ఎక్కువ లాభము నిలకడగా పొందుట సాధ్యము కాదనియు మాత్రమే.

ఈ ఆలోచన పాతదే. 1900 సంవత్సరములో లూయీ బాషెలియే అను ఫ్రెంచి గణితజ్ఞుడు పారిస్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసములో, ధరల కదలికలను జూదపు లెక్కలతో సమానముగా గణించి చూపినాడు. అర్ధశతాబ్ది పాటు దానిని పట్టించుకొన్నవారు లేరు. 1933లో అమెరికాకు చెందిన ఆల్ఫ్రెడ్ కౌల్స్, షేరు జోస్యములు చెప్పు సంస్థల సలహాలను లెక్కగట్టి, వారికి జోస్యము తెలియునా అన్న ప్రశ్నకు 'సందేహమే' అని తేల్చినాడు. 1970లో యూజీన్ ఫామా ఈ విషయమును ఒక క్రమములో పెట్టి, సామర్థ్యమును మూడు మెట్లుగా విభజించినాడు. మొదటి మెట్టులో పాత ధరలన్నియు నేటి ధరలో ఇమిడియుండును. రెండవ మెట్టులో బహిరంగమైన వార్తలన్నియు ఇమిడియుండును. మూడవ మెట్టులో లోపలివారికి మాత్రమే తెలిసిన రహస్యములు గూడ ఇమిడియుండును. 2013లో ఫామాకు నోబెల్ బహుమతి లభించినది. అదే సంవత్సరము అదే బహుమతిని ఆయనతో పంచుకొన్న రాబర్ట్ షిల్లర్, ధరలు హేతువునకు మించి ఊగిసలాడునని జీవితమంతయు వాదించినవాడు. మామిడిపండు తీయనిదన్నవానికిని పుల్లనిదన్నవానికిని ఒకే పళ్ళెములో తాంబూలమిచ్చినట్లయినది! ఇద్దరును పండు తిన్నవారే గనుక తప్పుపట్టుటకు వీలులేదు.

చాచాకు ఈ పేర్లతో పని లేదు. ఆయన వెంటనే మా మాటకు అడ్డు తగిలినారు. "పాత ధర చూసి లాభం లేదంటారేమి సార్? మదనపల్లె టమాటా చూడండి. ఎండాకాలం పోతూనే పెరుగుతుంది, పంట దిగితే పడిపోతుంది. ప్రతి ఏడూ అదే తంతు కదా!"

మంచి ప్రశ్న. ఒకప్పటి మన చిత్తూరు జిల్లాలోని మదనపల్లె మార్కెట్టులో 2023 జూలై నెలాఖరున టమాటా కిలో ధర 200 రూపాయలకు చేరువైనది. సెప్టెంబరు నెలలో అదే టమాటా పది రూపాయలకు దిగువకు జారినది. టమాటా కుళ్ళిపోవు సరకు. వచ్చే నెలలో ధర పెరుగునని ఊరందరికి తెలిసినను, నేడు కొని అప్పటివరకు దాచుట ఎవరికిని సాధ్యము కాదు. అందుచేతనే ఆ ధరలో ఋతువులననుసరించిన ఎగుడుదిగుళ్ళు నిలిచియున్నవి. షేరు కుళ్ళదు. వచ్చే నెల ఒక షేరు పెరుగునని అందరికి తెలిసినచో, ఆ అందరును నేడే కొందురు. నేడే అది పెరుగును. రేపటి పెరుగుదల తెలిసిన క్షణముననే అది నేటి పెరుగుదలగా మారిపోవును. ఇక రేపటికి మిగిలినది ఎవరికిని తెలియని వార్త మాత్రమే. ఎవరికిని తెలియని వార్త మంచిదో చెడ్డదో ముందుగా ఎవరు చెప్పగలరు? ధరల గమనము త్రాగినవాని నడకవలె ఉండునని అనుటకు కారణము ఇదియే. అది మార్కెట్టు పిచ్చిదగుట వలన కాదు, అందరును తెలివిగా ముందుగనే కొనుట వలన.

ఇది చెప్పినప్పుడు చాచా కొంతసేపు మాట్లాడలేదు. టీ తెప్పించినాము.

పుస్తకములలోని ఉదాహరణలు అమెరికావి. మన ప్రాంతములో ఈ మాట ఎంతవరకు నిలుచునో చూడవలెనని మరునాడు మూడు కంపెనీల కథలు ఆయనకు చెప్పినాము. ఆ మూడింటిలో ఈ సిద్ధాంతము ఒకచోట నెగ్గినది, ఒకచోట తడబడినది, ఒకచోట బోర్లపడినది.

మొదటిది అమరరాజా బ్యాటరీస్. 1985లో ఏర్పడిన ఈ కంపెనీకి తిరుపతి చెంత కరకంబాడిలోను, చిత్తూరు జిల్లా నూనెగుండ్లపల్లిలోను కర్మాగారములు కలవు. మన విద్యార్థుల ఇండ్లలో దాని జీతముతో బ్రతుకు కుటుంబములు లేకపోలేదు. 2021 ఏప్రిల్ 30వ తేదీ శుక్రవారమునాడు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ కర్మాగారములను మూసివేయవలెనని ఉత్తర్వులిచ్చినది. తరువాత రెండు దినములు మార్కెట్టుకు సెలవు. సోమవారము, మే 3వ తేదీన, వ్యాపారము మొదలగుటతోనే షేరు ధర పడినది. మే 6వ తేదీన హైకోర్టు ఆ ఉత్తర్వులను తాత్కాలికముగా నిలిపివేసినది. ఇందులో గమనింపదగినది ఒక్కటే. మంగళవారము ఉదయము దినపత్రికలో వార్త చదివి 'అమ్మివేయుదుము' అనుకొన్న తిరుపతి మదుపరికి పడిన ధరయే దొరకినది. కర్మాగారపు గేటుకు నాలుగు మైళ్ళ దూరములో నివసించుచున్నను, ఎక్కడో బొంబాయిలో కూర్చున్నవానికంటె అతడు ఆలస్యమైనాడు. మా తండ్రిగారి తరములో ఈ ఆలస్యము ఇంకను దీర్ఘమైనది. అప్పుడు షేరు కొనదలచినవాడు మద్రాసు బ్రోకరుకో, 1943లో ఏర్పడిన హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి బ్రోకరుకో ఉత్తరము వ్రాయవలసియుండెడిది. ఆ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయి మూతబడినది. నేడు ఫోను వచ్చినది, ఆలస్యము తగ్గినది. కాని అందరికిని తగ్గినది గనుక మన స్థానము వరుసలో ఉన్నచోటనే ఉన్నది.

రెండవది హెరిటేజ్ ఫుడ్స్. మన జిల్లావాడైన నారా చంద్రబాబు నాయుడుగారు 1992లో స్థాపించిన పాల కంపెనీ ఇది. 2024 జూన్ 4వ తేదీన ఎన్నికల ఫలితములు వెలువడి, ఆయన తిరిగి ముఖ్యమంత్రి కానున్నారని తేలినది. ఆ వార్త ఒక్క పూటలో లోకమంతటికి తెలిసినది. సిద్ధాంతము ప్రకారము ధర ఆ పూటలోనే ఎగిరి ఆగిపోవలెను. అట్లు జరుగలేదు. వరుసగా ఐదారు వ్యాపారదినములు పెరుగుచు, మొత్తము మీద సగమునకు పైగా పెరిగినది. ఒక షేరు ధర ఒక్కరోజులో ఇంతకుమించి పెరుగరాదను హద్దు ఒకటి ఉన్నది గనుక, పెరుగుదల కొన్ని దినములకు పంపకమైనదని కొంత సమాధానము చెప్పవచ్చును. కాని అసలు ప్రశ్న వేరు. ప్రభుత్వము మారినంతమాత్రమున ఆవులు ఎక్కువ పాలిచ్చునా? కంపెనీ లాభములు సగమునకు పైగా పెరుగునని నమ్ముటకు కారణమేమి? 2025 తొలినెలలలో ఆ పెరుగుదలలో చాలభాగము కరిగిపోయినది. ఇక్కడ షిల్లర్ పక్షమే బలముగా కనిపించుచున్నది. అయినను మార్కెట్టు పొరబడుచున్నదని తెలియుట వేరు, ఆ పొరపాటు ఏనాడు సరియగునో తెలిసి సొమ్ము చేసికొనుట వేరు. జూన్ నెలలో 'ఇది అతి' అని సరిగా ఊహించినవాడు గూడ, అతి ఇంకను ఎన్ని దినములు సాగునో చెప్పలేకపోయెడివాడు.

మూడవది సత్యం కంప్యూటర్స్. దీనిని గురించి కొంత విపులముగా చెప్పవలసియున్నది, ఏలయన మన రాష్ట్రములో ఎందరో మధ్యతరగతి గృహస్థులు మొట్టమొదట కొన్న షేరు ఇదియే. 1987లో హైదరాబాదులో మొదలై దేశములోని పెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీలలో ఒకటిగా ఎదిగినది. న్యూయార్కులో గూడ దాని షేర్లు క్రయవిక్రయములు జరుగుచుండెడివి. పేరుపొందిన ఆడిటర్లు లెక్కలు చూచెడివారు. 2008 సెప్టెంబరులో ఉత్తమ పరిపాలనకు అంతర్జాతీయ పురస్కారము గూడ పొందినది. 2008 డిసెంబరు 16వ తేదీన, వ్యవస్థాపకుని కుటుంబమునకే చెందిన రెండు మేటాస్ కంపెనీలను సత్యం సొమ్ముతో కొనబోవుచున్నట్లు ప్రకటన వచ్చినది. న్యూయార్కు మార్కెట్టు ఆ దినముననే షేరు ధరను సగమునకు పైగా పడగొట్టినది. కొన్ని గంటలలో ఆ ఒప్పందము రద్దైనది. మరునాడు మన దేశములో ధర సుమారు 30 శాతము పడి 158 రూపాయల వద్దకు చేరినది. ఇంతవరకు మార్కెట్టు మెలకువగనే ఉన్నదని చెప్పవలెను. ఎక్కడో ఏదో కుళ్ళు వాసన వచ్చుచున్నదని అది పసిగట్టినది.

కాని ఆ కుళ్ళు ఎంతటిదో దానికి తెలియదు. 2009 జనవరి 6వ తేదీన ధర 179 రూపాయల వద్ద ఉన్నది; అనగా డిసెంబరు 17 నాటికంటె ఎక్కువ! మరునాడు, జనవరి 7వ తేదీ ఉదయము, అధ్యక్షుడు రామలింగరాజు తన ఉత్తరములో నిజము ఒప్పుకొన్నాడు. కంపెనీ లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. ఆ సాయంత్రమునకు ధర 40 రూపాయలకు దిగినది. ఏప్రిల్ నెలలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున యాజమాన్యమును కొన్నది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజునకును మరికొందరికిని జైలుశిక్ష విధించినది.

ఈ కథలో మార్కెట్టు సమర్థమా, అసమర్థమా? ఉత్తరము వచ్చిన కొన్ని గంటలలో ధర నాలుగింట మూడువంతులకు పైగా పడుట చూచినచో, బహిరంగమైన సమాచారమును అది మింగిన వేగము ఆశ్చర్యము గొలుపును. కాని అంతకుముందు ఏండ్ల తరబడి అది మింగినది అబద్ధము. ధర అనునది అద్దము వంటిది; ఎదుట నిలిపినదానినే చూపును. ఫామా చెప్పిన మూడవ మెట్టు, అనగా లోపలి రహస్యములు గూడ ధరలో ఉండుననుమాట, హైదరాబాదులోనే తప్పని తేలినది. 'అన్నియు ధరలోనే ఉన్నవి, లెక్కలు చూడనక్కరలేదు' అని ఎవరైన అనినచో, జనవరి 6వ తేదీ సాయంత్రము 179 రూపాయలు పెట్టి సత్యం షేరు కొన్నవానిని తలచుకొనవలెను.

ఇక ఒక చిక్కు మిగిలినది. మార్కెట్టు అంతటి అద్దమైనచో, చాచా ఫోనులోని మనిషి ఐదు దినములు వరుసగా ఎట్లు నిజము చెప్పగలిగినాడు?

దీనికి మేము బి.ఏ. తరగతిలో ఒక ప్రయోగము చేసి చూపినాము. ఆ తరగతిలో ఆనాడు హాజరైనవారు 32 మంది. అందరిని నిలబెట్టి ఒక్కొక్క నాణెమును ఎగురవేయుమన్నాము. బొమ్మ పడినవారు నిలబడవలెను, బొరుసు పడినవారు కూర్చుండవలెను. మొదటిసారి పదునేడుగురు నిలిచినారు, తరువాత తొమ్మండుగురు, తరువాత ఐదుగురు, ఇద్దరు; ఐదవసారికి ఒక అమ్మాయి మిగిలినది. ఆమెకు నాణెమెగురవేయు విద్య తెలియునా? తెలియదు. ముప్పదిరెండుమంది ఎగురవేసినచో ఎవరో ఒకరు ఐదుసార్లు నెగ్గుట ఆశ్చర్యము కాదు. ఇప్పుడు ఫోనులోని మనిషి 32 గ్రూపులు నడుపుచున్నాడనుకొనుడు. సగము గ్రూపులకు 'పెరుగును' అనియు, సగమునకు 'పడును' అనియు వ్రాయును. తప్పైన గ్రూపులను వదలివేసి, ఒప్పైనవానిని మరల రెండుగా చీల్చును. ఐదు దినములు గడచునప్పటికి ఒక గ్రూపులోనివారికి అతడు దైవజ్ఞునిగా కనిపించును. మన చాచా ఆ గ్రూపులో ఉన్నారేమో! ఉన్నారనియే మేము చెప్పజాలము. అతడు ఎవరికిని పట్టని చిన్న షేరును ముందుగా తాను చవుకగా కొని, పిదప వేలమందిచేత కొనిపించి, ధర పెరుగగా తనవి అమ్ముకొను రకము గూడ కావచ్చును. ఏదైనను నష్టము చివరగా కొన్నవానిదే.

విద్యార్థులు ఈ వాక్యములను రెండుసార్లు చదువవలెనని మా కోరిక. షేరు మార్కెట్టులను నియంత్రించు సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనము ప్రకటించినది. 2021–22 మొదలు 2023–24 వరకు మూడు సంవత్సరములలో ఫ్యూచర్లు, ఆప్షన్ల వ్యాపారము చేసిన వ్యక్తులు ఒక కోటికి పైగా ఉన్నారు. వారిలో 93 శాతము మంది నష్టపోయినారు. మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగా. సగటున ఒక్కొక్కరికి సుమారు 2 లక్షలు. 2023–24లో ఈ వ్యాపారము చేసినవారిలో 43 శాతము మంది ముప్పది ఏండ్లలోపువారు. ఈ 2 లక్షలు అనునది మన కళాశాలలో చేరు సాధారణ విద్యార్థి తండ్రికి ఎన్ని నెలల సంపాదనయో ఎవరికివారు లెక్కవేసికొనగలరు.

చాచా అసలు సంకటము వేరని రెండవ సాయంత్రమునకు గాని మాకు బోధపడలేదు. ఆయనకు ఆశ లేదు. వడ్డీ వద్దను నియమము ఉన్నది. మన సమాజములో ఎందరినో వలలో వేసినది అత్యాశ కాదు, ఈ నియమమే. వడ్డీ కాదు, వ్యాపారములో లాభవాటా అని చెప్పి, నెలకు ఇంతయని నిశ్చయముగా ఇచ్చెదమనువారు మన ఊరిలోనే వెలసినారు. తిరుపతిలో బంగారు వ్యాపారముతో మొదలైన హీరా గ్రూపు, ఏటికి 36 శాతము వరకు లాభము వచ్చునని చెప్పి డిపాజిట్లు సేకరించినది. చెల్లింపులు ఆగి మదుపరుల ఫిర్యాదులు రాగా, 2018 అక్టోబరులో దాని అధిపతిని పోలీసులు అరెస్టు చేసినారు. తరువాత కేంద్ర దర్యాప్తు సంస్థలు రంగములోనికి దిగినవి, వ్యవహారము సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. తప్పొప్పులు న్యాయస్థానములు తేల్చును. మేము చెప్పదలచినది లెక్క మాత్రమే. నిజముగా, నిశ్చయముగా, ఏటికి 36 శాతము లాభమిచ్చు వ్యాపారము ఒకటి ఉన్నచో, పది పన్నెండు శాతమునకు అప్పులిచ్చుటకు తిరుగుచున్న బ్యాంకులన్నియు అక్కడ వరుసకట్టెడివి. ఆ పొట్టివరుస ఎవరికిని కనపడక, చాచా కొరకు మాత్రమే మిగిలియున్నదనుట నమ్మదగినది కాదు. లాభవాటా ఎంతయో ముందుగనే ఖాయము చేసినచో అది వాటా యెట్లగునో గూడ ఆలోచింపదగినది. సమర్థ మార్కెట్టు సిద్ధాంతము మనకు ధనము సంపాదించిపెట్టలేకపోవచ్చును. ఇటువంటి మాట విన్నప్పుడు 'ఇది ఇంకెవరికిని ఎందుకు కనపడలేదు?' అను ఒక ప్రశ్నను మన చేతికిచ్చును.

మరి ఏమి చేయవలెను? పొట్టివరుసను వెదకుట మానినవాడు అవ్వవలె ఏదో ఒక వరుసలో నిలబడవచ్చునా? షేర్ల విషయములో ఒకే వరుస ప్రమాదకరము. అది సత్యం కావచ్చును. అన్ని వరుసలలోను కొంచెము కొంచెము నిలుచుట మేలు. ఒక సూచీలోని కంపెనీల షేర్లన్నింటిని అదే నిష్పత్తిలో కొని ఊరకుండు ఇండెక్స్ ఫండును, సామాన్యులకు అందునట్లు 1976లో అమెరికాలో జాన్ బోగుల్ ప్రారంభించినాడు. అప్పట్లో నవ్వినవారే ఎక్కువ. ఆయన వాదము కూడికలు తీసివేతలు మాత్రమే. అందరు మదుపరుల లాభము కలిపిన మార్కెట్టు లాభమే అగును. మాటిమాటికి కొని అమ్మువాడు బ్రోకరుకు, ప్రభుత్వమునకు చెల్లించు ఖర్చు ఆ లాభములోనుండియే పోవును. కనుక ఊరకున్నవాడు సగటున ముందుండును. మన దేశములో ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ గూడ 2015 ఆగస్టులో షేర్లలో ప్రవేశించినప్పుడు, ఏ కంపెనీ మంచిదో వెదకు పనికి పోక, ప్రధానముగా సూచీలననుసరించు ఫండ్లనే కొన్నది. మొదట కొత్త జమలలో 5 శాతము, 2017 నుండి 15 శాతము. నియమము పాటింపదలచినవారి కొరకు, వడ్డీ, మద్యము, జూదము మొదలగు వ్యాపారములు చేయు కంపెనీలను వడపోసిన సూచీ బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో 2010 డిసెంబరులో వచ్చినది. అటువంటి సూచీని అనుసరించు ఫండు 2009 నుండియే కలదు. ధర్మసందేహములకు ఉలమాలను అడుగవలెను. మాకు తెలిసినది అర్థశాస్త్రము వరకే.

సూచీ అనగానే అభయహస్తము అనుకొనరాదు. 2008 జనవరిలో 20 వేలు దాటియున్న సెన్సెక్స్ అదే సంవత్సరము అక్టోబరులో 9 వేలకు దిగువకు వచ్చినది. పదిపదునైదేండ్లు ఆగగలవానికి అది ఒక కథ. రెండేండ్లలో కూతురి పెండ్లి చేయవలసినవానికి అది పిడుగు. మన కొండమీది దేవస్థానమునే చూడుడు. భక్తులు షేర్లు గూడ సమర్పించుచున్నందున, వానిని స్వీకరించుటకు తిరుమల తిరుపతి దేవస్థానము 2015లో డీమ్యాట్ ఖాతా తెరచినది. అయినను తన సొంత నిధిని బ్యాంకు డిపాజిట్లలోనే ఉంచుచున్నది; 2022 నవంబరులో ప్రకటించిన లెక్క ప్రకారము ఆ డిపాజిట్లు 15,938 కోట్ల రూపాయలు, బ్యాంకులలోని బంగారము పది టన్నులకు పైమాట. పోగొట్టుకొనుటకు అధికారము లేనివాడు తక్కువ రాబడితో సరిపెట్టుకొనును. చాచా పెండ్లిసొమ్ము అటువంటిదే. వడ్డీ వద్దనుకొన్నచో అది వేరుగా తీసి ఇయ్యవచ్చును గాని, అసలును వాట్సాప్‌లో పెట్టవలసిన పని లేదు.

మూడవ సాయంత్రము లేచి పోబోవుచు ఆయన తలుపువద్ద ఆగినారు. "ఒక్కటి అర్థం కాలేదు సార్. అందరూ అవ్వ మాదిరి ఏదో ఒక లైనులో నిలబడిపోతే, లైన్లు సమానం చేసేదెవరు?"

మేము నిర్ఘాంతపోయినాము. 1980లో గ్రాస్‌మన్, స్టిగ్లిట్జ్ అను ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు ఒక ప్రసిద్ధ వ్యాసములో లేవనెత్తిన ప్రశ్న ఇదియే. ధరలో సమస్తమును ఉన్నచో వెదకువానికి కూలి గిట్టదు. కూలి గిట్టనిచో ఎవరును వెదకరు. ఎవరును వెదకనిచో ధరలో ఏమియు ఉండదు. కాబట్టి మార్కెట్టు ఎన్నడును పూర్తిగా సమర్థము కాజాలదు. వెదకువాని శ్రమకు సరిపడునంత లోపము అందులో ఎప్పుడును మిగిలియుండవలెను. ఆ లోపము దొరకునది పగలంతయు కంపెనీల లెక్కలు చదువుటయే వృత్తిగా ఉన్నవారికి. అది గూడ అందరికి కాదు, ఎల్లప్పుడును కాదు.

"అయితే అది నా పని కాదు" అని నవ్వి, గ్రూపునుండి ఎట్లు బయటకు రావలెనో చూపుమని ఫోను మా చేతికిచ్చినారు. ఎనిమిది లక్షలు పెండ్లికని బ్యాంకులోనే ఉంచినారు. తక్కిన నాలుగు లక్షల సంగతి ఇంకను తేల్చలేదు. షరియా సూచీలో ఏ కంపెనీలున్నవో ఆ జాబితా తెలుగులో వ్రాసి ఇమ్మని అడిగినారు. వ్రాసి ఇచ్చినాము. పోయిన సోమవారము గ్రంథాలయములో తమ పాత బల్లవద్ద కూర్చుండి, ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్క పేరు ప్రక్కన ఏదో గుర్తు పెట్టుకొనుచు కనిపించినారు.